శ్రీ మాదరి భాగ్యరెడ్డివర్మ గారి చరిత్రము

మన సంఘమువారి వార్షిక మహాసభ యీ యేడు రామగుండమున జరుగుచుండుటచే, ప్రత్యేకసంచికకు పూర్వులలో నొక మహనీయుని చరిత్రము వ్రాసి యీయవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. దానశీలురైన ప్రభువుల చరిత్రములును, కవిపండితుల చరిత్రములును ఇట్టి సంచికలలో తఱచుగా వచ్చుచునే యున్నవి. మేము మాత్రము పరుల యింట సేవకుడుగా బ్రదుకు నారంభించి, తనవారికి పేరును, కథను సంపాదించి యిచ్చిన శ్రీ మాదరి భాగ్యరెడ్డివర్మ గారి చరిత్రమును ఎన్నుకొంటిమి. వారి జీవితమంతయు హైదరాబాదు నగరమున గడచెను. వారు గతించిన 1939 నాటికి నేటి గోదావరిఖని పట్టణము పుట్టనే లేదు. అట్టివారి చరిత్రము ఈ బొగ్గుసీమ సభకు ఎట్లు పొసగునని కొందఱు సందేహింపవచ్చును. కావున ముందుగా ఆ కారణమును మనవి చేసి కథలోనికి పోవుదుము.

1871లో ఇల్లందు ప్రాంతమున బొగ్గు కనబడెను. 1889 నుండి అచట త్రవ్వకము సాగెను. పిమ్మట కొత్తగూడెము, బెల్లంపల్లి మొదలగు చోట్లను, 1960 ప్రాంతమున ఈ గోదావరి యొడ్డునను గనులు తెఱవబడినవి. కరీంనగరు, వరంగల్లు, ఆదిలాబాదు పల్లెలనుండి జనులు తండోపతండములుగా బొగ్గుబాయి పనికి వచ్చి చేరిరి. వారిలో ననేకులు కఱవు వలనను, మఱి యనేకులు దొరల వెట్టి వలనను ఊరు విడిచినవారు. ఇచటికి వచ్చిన పిదప నివాసములకు సయితము గనుల సంఖ్యలే పేర్లయ్యెను. నేటికిని ఇచట ఎనిమిదవ ఇంక్లైను పేర నొక పెద్ద కాలనీ కలదు. మేము బడిపంతులుగా నుండిన కాలమున విద్యార్థులను మీ తాతగారి దేయూరని యడిగిన, వారు ఇంటికి పోయి యడిగి వచ్చి ఊరి పేరొక్కటి చెప్పెడివారు. ఆ యూరిని ఏల విడిచిరని యడిగిన, తాత చెప్పలేదనెడివారు. ఇట్టి మౌనమును మేము పెక్కు యిండ్లలో చూచితిమి. పడిన బాధ మఱచిపోవుట వలన కలిగిన మౌనము కాదది. ఆ బాధను సిగ్గుపడక చెప్పుకొనుటకు తగిన మాట దొరకమి వలన కలిగినది. భాగ్యరెడ్డివర్మగారు తమ యాయువునంతయు ధారపోసి వెదకినది ఆ మాటనే.

వారు 1888వ సంవత్సరము మే నెల 22వ తేదీన హైదరాబాదున మాల కులమున జన్మించిరి. తల్లి రంగమాంబ, తండ్రి వెంకయ్య. తల్లిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. పేరు పెట్టుట చిన్న సంగతియని తోచును గాని, మన ధర్మశాస్త్రకారులు దానిని చిన్నసంగతిగా నెంచలేదు. బ్రాహ్మణుని పేరు మంగళమును, క్షత్రియుని పేరు బలమును, వైశ్యుని పేరు ధనమును సూచింపవలెననియు, శూద్రుని పేరు మాత్రము వినువారికి ఏవగింపు పుట్టింపవలెననియు మనుస్మృతి ద్వితీయాధ్యాయమున విధింపబడినది. ఆ నాలుగు వర్ణములకును వెలుపలగా త్రోయబడినవారి మాట చెప్పనేల? పల్లెలలో తల్లిదండ్రులు ముద్దుగా మల్లయ్యయని పెట్టుకొన్న పేరు గడీలోనికి పోవువఱకు మల్లిగాడయ్యెడిది. ఆ మల్లయ్య దొర యెదుట నోరు విప్పినంతనే తన్ను తాను బాంచయని, అనగా బానిసయని, చెప్పుకొనవలసి యుండెను. కొరడాదెబ్బ యొకనాటితో పోవును. దినదినమును తన నోటనే తన్ను బానిసయని చెప్పుకొనువాని మనసున ఆ మాటయే స్థిరపడును.

భాగయ్య బాలుడుగా నున్నప్పుడు ఆ కుటుంబపు శైవగురువు ఆ పేరును భాగ్యరెడ్డిగా మార్చెను. ఈ దేశమునకు పూర్వము మీరే యేలికలనియు, రెడ్డియను మాట రాజను నర్థముగల రేడు శబ్దము నుండి వచ్చినదనియు ఆయన చెప్పెనట. ప్రాచీనశాసనములలో రట్టగుడి, రట్టొడి యను రూపములు కనబడుచుండుటచే శబ్దశాస్త్రజ్ఞులు రెడ్డి శబ్దమునకు వేఱొక వ్యుత్పత్తిని చెప్పుదురు. మేమును వారి పక్షమువారమే. కాని వ్యుత్పత్తి యెట్లున్నను, ఆ గురువు చేసిన యుపకారమునకు లోటు లేదు. నీవు తక్కువవాడవని లోకమంతయు చెప్పుచుండగా, నీ పూర్వులు ఏలినవారని చెప్పువాడొక్కడు ఆ బాలునకు దొరకెను. ఆ ఒక్క మాట వారి జీవితమంతకును బీజమయ్యెను.

యౌవనమున వారు ఒక క్రైస్తవ న్యాయవాదిగారి యింట కొలువు చేసిరి. ఆ యింటనే చదువు మీద మక్కువయు, పత్రికలు చదువు నలవాటును, లోకజ్ఞానమును వారికి అబ్బెను. తరువాత విద్యుచ్ఛాఖలో పనిచేయుచు సంసారము నడపుకొనిరి. సంపాదించిన దానిలో కొంత యిల్లు చేరక ముందే వాడలకు వ్యయమగుచుండెను.

1906లో, అనగా తమ పదునెనిమిదవ యేట, వారు జగన్మిత్రమండలిని స్థాపించిరి. ఆ మండలి మొదట పట్టిన పని వినతిపత్రములు వ్రాయుట కాదు, కథ చెప్పుట. హరికథలకు జనులను కూర్చి, కథ నడుమ శుచిని గూర్చియు, కల్లుసారాల చేటును గూర్చియు, చదువును గూర్చియు చెప్పించెడివారు. హరికథ స్వరూపము మన పాఠకులకు తెలియనిది కాదు. చేత చిడతలు, కాలికి గజ్జెలు ధరించి, ఒక్కడే పాడుచు, ఆడుచు, నడుమ నడుమ పిట్టకథలు చెప్పుచు రేయి గడపును. అసలు కథ పురాణములోనిది, పిట్టకథ మన వీధిలోనిది. గుడి మెట్లెక్కరాని జనులకు ఆ పురాణము తమ వాడలోనికే నడచి వచ్చెను. ఉపన్యాసమైనచో తప్పు చేసినవానివలె తలవంచుకొని వినవలెను. హరికథయైనచో నవ్వుచు, ఏడ్చుచు, తన బాధను హరిశ్చంద్రుని బాధలో చూచుకొనుచు వినవచ్చును. పదునెనిమిదేండ్ల యువకుడు ఈ మర్మమును గ్రహించుట మాకు మిక్కిలి యాశ్చర్యముగా తోచును.

ఆ వాడలకు అంతకుముందు కథలు లేవని పాఠకులు తలంపరాదు. తెలంగాణమున దాదాపు ప్రతి కులమునకును దాని పుట్టుపూర్వోత్తరములను చెప్పు ఆశ్రితకులము వేఱుగా కలదు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారును చిందువారును కథ చెప్పుదురు. డక్కలివారు చెప్పు జాంబపురాణమున ఆదిజాంబవుడు భూమి పుట్టుటకు ముందే పుట్టినవాడు. అట్టి జాంబవుని సంతతి తక్కువవారెట్లైరను ప్రశ్నకు ఆ పురాణమే సమాధానము చెప్పును. దేవతల గోవు విషయమున జరిగిన యొక యపరాధము వలన పతనము కలిగెనట. ఆ కథ వినువానికి గౌరవమును కలదు, గాయమును కలదు. మొదట పుట్టితిమను గర్వము ఒకవైపు, మా దోషము వలననే చెడితిమను కుములుపాటు మఱియొకవైపు. బాధకు కారణము చెప్పని కథను జనులు నిలుపుకొనరు. ఆ కారణమును తమ మీదనే మోపుకొను కథ యున్నచో, వారు బాధను సహింతురు గాని ప్రశ్నింపరు.

కథ గాయమును కప్పివేయుటయు కలదు. బాలికలను దేవతకు పెండ్లి చేసితిమను నెపమున జోగినులుగా విడుచు దురాచారము అట్టిదే. దేవతకు భార్యయను కథ పైన మెఱయుచుండ, దాని క్రింద ఒక పసిపిల్ల జీవితము నలిగిపోయెడిది. భాగ్యరెడ్డివర్మగారు ఆ యాచారమునకు విరుద్ధముగా గట్టిగా పాటుపడిరి. జంతుబలులకును, మద్యపానమునకును ఎదురు నిలిచిరి. కథనే సాధనముగా పట్టినవారు కథలలోని కల్లను విడిచిపెట్టలేదని దీనివలన తెలియుచున్నది.

1910లో ఇసామియాబజారు ప్రాంతమున పాఠశాల తెఱచిరి. క్రమక్రమముగా అట్టి పాఠశాలలు ఇరువదియైదు వఱకు పెరిగి, రెండువేలకు పైగా పిల్లలు చదువుకొనిరి. ఉర్దూ రాజభాషగా నుండిన ఆ రాజ్యమున ఆ పిల్లలకు తెలుగున చదువు చెప్పించిరి. ఇంటి మాటయు బడి మాటయు ఒక్కటైనపుడే పిల్లవాడు తన సంగతి తాను వ్రాయగలుగునని, బడిపంతులుతనమున ముదిసిన మేము సాక్ష్యమీయగలము. 1911లో జగన్మిత్రమండలి మాన్యసంఘమయ్యెను. మాన్యుడనగా మన్నింపదగినవాడు. ఇతరులు మన్నించువఱకు వేచియుండక, మేము మన్నింపదగినవారమని తామే చెప్పుకొనిరి. 1913లో ఆర్యసమాజమువారు వారి సేవను మెచ్చి వర్మయను బిరుదమునిచ్చిరి. వర్మయనగా కవచమని అమరకోశము. ఇట్లు తల్లిదండ్రులిచ్చిన పేరొకటి, గురువిచ్చిన పేరొకటి, సమాజమిచ్చిన పేరొకటి కలిసి ఆయన పేరయ్యెను. ఈ మూడును ఒకరు తమకు ఇచ్చినవి. తాము తమ జనమునకు ఈయవలసిన పేరు ఇంకను మిగిలియుండెను.

ఆ సమయము 1917 నవంబరులో వచ్చెను. బెజవాడలో గూడూరు రామచంద్రరావుగారు మొదలగువారి పూనికతో ప్రథమాంధ్రదేశ పంచమ మహాజనసభ యను పేర నొక సభ యేర్పాటయ్యెను. భాగ్యరెడ్డివర్మగారు అధ్యక్షులుగా ఆహ్వానింపబడిరి. ఆ దినములలో సభ్యులు గుడిలోనికి ప్రవేశింతురేమో యను భయమున కనకదుర్గ యాలయపు తలుపులు మూయబడినవని ఆ సభను గూర్చి వ్రాసినవారు చెప్పుదురు. అధ్యక్షస్థానమెక్కిన వర్మగారు మొట్టమొదట సభ పేరునే ఆక్షేపించిరి. పంచములను జాతి యే పురాణములలోను లేదనియు, తమ జనులు ఈ నేలకు మొదటివారు కావున ఆదియాంధ్రులని పిలువబడవలెననియు వారి వాదము. సభ దాని కంగీకరించి ఆదియాంధ్ర మహాజనసభయయ్యెను. శాస్త్రదృష్టితో చూచినను వారి మాట నిక్కువము. మనుస్మృతి దశమాధ్యాయమున వర్ణములు నాలుగేయనియు, ఐదవది లేదనియు స్పష్టముగా చెప్పబడినది. లేని యైదవదానిని కల్పించి, దానిలో లక్షలాది జనులను నిలువబెట్టిన వారెవరో పండితులే చెప్పవలెను.

ఇచట నొక ప్రశ్న పుట్టును. ఈ ఆది యను మాట చరిత్రమా, కథయా? రెండువేల యేండ్ల క్రిందట ఎవరెచట నుండిరో, ఎవరెవరిని జయించిరో నిశ్చయముగా చెప్పుట చరిత్రకారులకే కష్టము. మేము దానిని తేల్చుటకు పూనుకొనము. కాని జాంబపురాణముతో పోల్చిచూచిన నొక భేదము కనబడును. ఆ పురాణమున ఆదియను గౌరవమును కలదు, పతనమునకు కారణమైన సొంత దోషమును కలదు. వర్మగారి కథలో ఆది నిలిచెను, దోషము తొలగెను. మేము చెడినది మా తప్పు వలన కాదు, మా సొత్తు పోవుట వలననని వినువాడు అనుకొనగలిగెను. తప్పు చేసినవాడు తలవంచును. సొత్తు పోగొట్టుకొన్నవాడు తిరిగి యిమ్మని యడుగును. బాధ యొక్కటే, కథ మాఱెను. దానితో మనుష్యుని నిలుకడయే మాఱెను.

ఆ పేరు సభలోనే నిలిచిపోలేదు. 1922లో మదరాసు శాసనసభలో యమ్. సి. రాజాగారు ప్రతిపాదింపగా, పంచమ మొదలగు పేర్లకు బదులు ఆదిద్రావిడ, ఆదియాంధ్ర నామములు వాడవలెనను తీర్మానము జరిగెను. హైదరాబాదున మాన్యసంఘము ఆదిహిందూ సోషల్ సర్వీసు లీగయ్యెను. 1930 సెప్టెంబరులో లక్నోలో జరిగిన అఖిలభారత ఆదిహిందూ మహాసభకు వర్మగారు అధ్యక్షత వహించిరి. రౌండు టేబులు సమావేశమున తమ జనులకు ప్రతినిధి డాక్టరు అంబేద్కరుగారేయని ఆ సభ బలపఱచెను. 1931 జనాభా లెక్కలలో నిజాము ప్రభుత్వము వారి జనులను ఆదిహిందువులని వ్రాయించెను. తలలు లెక్కించు గుమాస్తా చేతి కాగితము మీద, పరులు పెట్టిన యేవగింపు పేరునకు బదులు తాము కోరిన పేరు పడుట సామాన్యమైన సంగతి కాదు. 1906 మొదలుకొని వారు మూడువేలకు పైగా ఉపన్యాసములు చేసిరని ప్రసిద్ధి.

అయినను వర్మగారు పేరుతోనే తృప్తినొందలేదు. ఆదియను కథ ఎంత గొప్పదైనను అది పురాతనకాలపు కథ. నేడు తెల్లవాఱుజామున గడీనుండి పిలుపు వచ్చిన, కూలి లేక మోత మోయుటకు పోవువాని కథ యేది? 1931లో వారు భాగ్యనగర్ పత్రికను స్థాపించి సంపాదకత్వము వహించిరి. ఆ పత్రికలో ఆ యేడే వెట్టి మాదిగ యను తమ కథను ప్రకటించిరి. అణగిన జనములోనివారే తమ బ్రదుకును గూర్చి తెలుగున వ్రాసిన కథలలో దీనిని మొదటిదిగా నేటి సాహిత్యపరిశోధకులు పరిగణించుచున్నారు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి 1922లో వెలువడి ప్రసిద్ధికెక్కినది. దానిని వ్రాసిన మహనీయుడు జాలిగుండె గలవాడే గాని, ఆ పల్లెలో పుట్టినవాడు కాడు.

వెట్టియను మాట సంస్కృతమున విష్టికి వికృతి. కూలి లేని నిర్బంధపు చాకిరియని అర్థము. కౌటిల్యుని అర్థశాస్త్రమునందే యీ శబ్దము కలదు. అంత పాతదగుటచేతనే అది యాచారమువలె, వానయెండలవలె సహజముగా తోచెడిది. దానిని కథగా వ్రాసిన వెంటనే చేయించువాడొకడు, చేయువాడొకడు, చూచి యూరకుండువాడొకడు కనబడుదురు. ఇది శాపము కాదు, పూర్వయుగపు పరాజయమును కాదు, ఈ దినమున ఈ యూరిలో ఒకడు మఱియొకనికి చేయుచున్న అన్యాయమని తేలును. మనుష్యుడు చేయుచున్నది కావున మనుష్యుడు మాన్పగలడనియు తేలును. హరికథ మనసును మెత్తపఱచెను, ఆదియను పేరు తలనెత్తించెను, వెట్టి కథ వ్రేలు చూపెను.

ఇంకొక విషయమును మన సంఘసభ్యులు శ్రద్ధగా గమనింపవలెను. వర్మగారు పుట్టినది మాల కులమున. వారు కథగా వ్రాసినది మాదిగవాని వెట్టిని. ఆ రెండు కులముల నడుమ ఆ కాలమున గల దూరము మన పెద్దలకు తెలియును. ఆదిహిందువను ఒక్క పేరు ఆ దూరమునంతయు పూడ్చలేకపోయెను. హైదరాబాదుననే అరిగె రామస్వామిగారు మొదలగు నాయకులు వేఱు సంఘములతో వేఱు మార్గమున పనిచేసిరి. కాలక్రమమున ఆ పేరు వెనుకబడి, హరిజనులనియు, షెడ్యూల్డు కులములనియు, దళితులనియు వేఱువేఱు పేర్లు వచ్చినవి. ఏ పేరును శాశ్వతము కాదు. తన కులము గోడ దాటి పొరుగువాని బాధను తన బాధగా చెప్పినవాని మాట మాత్రము నిలిచినది. కులసంఘపు సంచికలో ఈ మాట వ్రాయుట కొందఱికి వింతగా నుండవచ్చును. సంఘము పెట్టుకొన్నది గోడ కట్టుకొనుటకు కాదు గావున మేము నిస్సంకోచముగా వ్రాయుచున్నాము.

బ్రహ్మసమాజముతోను, ఆర్యసమాజముతోను కలిసి మెలిసి పనిచేసిన వర్మగారు బుద్ధభగవానుని యందును మిక్కిలి గౌరవము గలవారై బుద్ధజయంతిని జరిపించిరి. 1939 ఫిబ్రవరి 18వ తేదీన, ఏబదియొకటవ యేట, దేహము చాలించిరి. హైదరాబాదు చాదరుఘాటున ఆదిహిందూభవనము వారి స్మృతిచిహ్నముగా నున్నది. వెట్టి చట్టముల వలనను, రైతుల పోరాటము వలనను, గడీలు కూలుట వలనను కాలగర్భమున కలిసెను. ఆ దినమును చూచుటకు వారు లేకపోయిరి.

ఇక మన రామగుండము మాట. శ్రీరాముడు ఇచట విడిసెననియు, ఇచటి గుండములకు ఆయన పేరే వచ్చినదనియు మనవారు చెప్పుకొందురు. రాతిగుండమునకు సయితము కథ యుండగా, ఆ రాతి క్రిందికి దిగి బొగ్గు తెచ్చిన మనుష్యునకు కథ లేకుండుట న్యాయమా? పైకప్పు కూలి పోయినవారి పేర్లు, విడిచివచ్చిన పల్లెల పేర్లు, ఓపెన్‌కాస్టు గనులలో మునిగిన యిండ్ల గుర్తులు నేటికిని ముదుసలుల నోట నున్నవి. వారు ఒక్కరొక్కరుగా రాలిపోవుచున్నారు. కావున సంఘపోషకులకు మా విన్నపమిది. ప్రతి వార్షికసంచికలోను కొన్ని పుటలను గనికార్మికులైన వృద్ధుల జీవితకథలకు కేటాయింపుడు. చదువుకొన్న మనుమలు మనుమరాండ్రు వారి యెదుట కూర్చుండి వ్రాసికొందురు గాక. మావంటి పంతుళ్లు దిద్ది గ్రాంథికము చేయనక్కఱలేదు. వారు పలికిన బాయిమాట బాయిమాటగనే అచ్చు పడవలెను. ఊరు విడిచి వచ్చుట సిగ్గుపడవలసిన సంగతి కాదని, విడిచిపెట్టించినవానిదే సిగ్గని ఆ తాతలు మనుమలతో చెప్పగలిగిననాడు భాగ్యరెడ్డివర్మగారికి మనము చేయవలసిన స్మారకోత్సవము నిజముగా జరిగినట్లగును.

సర్వే జనులకును శుభమగుగాక.